ట్రాలీ మీద గుడ్డ

హాల్లో ఆమెను అందరూ తెల్లక్క అంటారు. మనిషి మాత్రం నలుపు. కొత్తగా పనిలో చేరినవాళ్లు పేరు విని, మనిషిని చూసి నవ్వబోయి ఆపుకుంటే, "నవ్వండి, పర్లేదు. ఆ పేరు నాది కాదు, నా గుడ్డలది" అంటుంది.

సభలకూ విందులకూ అద్దెకిచ్చే హాలు అది. బల్లల మీద పరిచే గుడ్డలు, కుర్చీలకు తొడిగే ముసుగులు, చేతులు తుడుచుకునే రుమాళ్లు అన్నీ తెల్లవే. యజమానికి ఇంకో రంగు గిట్టదు. వాటిని హాలు వెనక పెరట్లో బండ మీద ఉతికి, గంజి పెట్టి, నీలిమందు వేసి, తీగల మీద ఆరేసి, ఇస్త్రీ చేసి లోపలికి పంపడం తెల్లక్క పని. దానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. వేదిక పక్క నడవాలో ఒక చక్రాల ట్రాలీ ఉంటుంది. దాని మీద ఏది పడితే అది ఉతుక్కి వెళ్తుంది. ఎవరూ ఆమెకు చెప్పక్కర్లేదు, ఆమె ఎవరినీ అడగక్కర్లేదు. ఒకసారి మేనేజరు కోటు విప్పి దాని మీద పడేసి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి కోటు తొట్టిలో నానుతోంది. ఆ ముచ్చట తలచుకుని వంటింట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

పెరటి చివర ఉన్న గది ఆమె ఇల్లు. ఒకప్పుడు వేదిక చెక్కలు దాచుకునే గది. ఆమె భర్త హాల్లో లైట్ల పని చేసేవాడు, అతని ఉద్యోగంతో పాటు ఆ గది వచ్చింది. పెళ్లయిన కొత్తలో అతను పాత వేదిక చెక్కలు కోసి, ఆ గదిలోనే కూర్చుని మంచం చేశాడు. ఇద్దరూ చేతులు బారజాపుకుని పడుకునేంత వెడల్పు మంచం. మేకులన్నీ కొట్టేశాక చూస్తే అది గుమ్మంలోంచి బయటికి రాదు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని ఆమె నవ్వితే, "బయటికెందుకు రావాలి? మనం ఎక్కడికైనా పోతామా ఏంటి" అన్నాడు.

తర్వాత అతను వేదిక మీది దీపం మారుస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుము కింద కాళ్లు మళ్లీ మాట వినలేదు. అప్పుడు యజమాని ఆమెకు ఉతికే పని ఇచ్చి, గది ఉంచుకోమన్నాడు. ఎవరైనా ఇంతకంటే ఏం చేస్తారు అని అందరూ అన్నారు. ఆమె కూడా అంది. ఇప్పుడు అతను ఆ మంచం మీదే ఉంటాడు. కిటికీలోంచి తీగల మీద ఆరే గుడ్డలు చూస్తూ, ఏ మూల మడత పడిందో అరిచి చెబుతుంటాడు. తెల్లక్క విసుక్కుంటుంది గానీ మడత మాత్రం సరిచేస్తుంది.

ఈ మధ్య ఒక పెద్ద కంపెనీ విందులో ఒక గుడ్డ మీద తుప్పు మరక కనబడింది. తీగ మీంచి అంటింది. ఆ మరక ఎవరో ఫొటో తీసి యజమానికి పంపారు. మర్నాడు మేనేజరు పెరట్లోకి వచ్చి, చాలాసేపు తీగలను చూస్తూ నిలబడ్డాడు. చెడ్డ మనిషి కాదతను. చెడ్డ వార్త చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మెడ రుద్దుకుంటాడు.

"మిషన్ల వాళ్లు వచ్చి మాట్లాడి వెళ్లారు తెల్లక్కా. బండి వేసుకొచ్చి తీసుకెళ్తారట, ఉతికి తెచ్చిస్తారట. పెరడు ఖాళీ అయితే కార్లు పెట్టుకోవచ్చని ఆయనకుంది."

"మరి గది సారూ?"

"గది కూడా పెరట్లోదేగా." మెడ రుద్దుకున్నాడు. "ఈసారికి నేను సర్దిచెప్పాను. ఇంకొక్క మాట ఆయన చెవిన పడిందంటే నేను అడ్డం నిలబడలేను. అంతే."

ఆ వారంలో ఆమె వెనక వీధిలో ఇళ్లు అడిగింది. కింద గది ఉన్న ఇంటావిడ అంతా విని, "మీ ఆయన నడుస్తాడా?" అంది.

"నడవడండి."

"అయితే వద్దులే అమ్మా. రేపు ఏదైనా అయితే నా ఇంట్లోంచి మోసుకెళ్లాలి. పిల్లలున్న ఇల్లు."

మిగతా గదులన్నీ మెట్లెక్కి పోవాల్సినవే. ఇంటికి వచ్చి ఆమె ఏమీ చెప్పలేదు. తుప్పు పట్టిన తీగ విప్పేసి కొత్తది కట్టింది.

విద్యార్థుల సభ జరిగింది అప్పుడే. ప్రపంచంలో పేదరికం లేకుండా చేయడం ఎలా అన్నది విషయం. అనేక బడుల నుంచి పై తరగతుల పిల్లలు వచ్చారు. గేటు మీద పెద్ద బ్యానరు కట్టారు. పిల్లలు ఒకేరకం చొక్కాలు వేసుకుని, మెడలో కార్డులు తగిలించుకుని గుండ్రటి బల్లల చుట్టూ కూర్చున్నారు. తెల్లక్క తెల్లవారకముందే బల్లలన్నీ పరిచేసింది. వేదిక బల్ల గుడ్డను మాత్రం ఎప్పటిలాగే చివరగా, తనే పట్టుకెళ్లి వేసింది. హాల్లో అన్నిటికంటే పొడుగైన గుడ్డ అదే. కెమెరాలన్నీ దాని మీదే ఉంటాయి.

మధ్యాహ్నం వంటింటి దగ్గర నిలబడి ఉంటే వంటాయన పిలిచాడు.

"చెల్లెమ్మా, నా పరువు చూశావా? పొద్దున్నించి పొయ్యి దగ్గర చచ్చి ఇన్ని రకాలు చేస్తే, సగం మంది పిల్లలకి బ్రెడ్డు ముక్క, మంచినీళ్లు మాత్రమే పెట్టమంటున్నారు."

"ఏం, డబ్బు కట్టలేదా?"

"కట్టారు! ఆట అంట. చీటీలు తీశారు. కొందరు డబ్బున్నోళ్లు, బల్లల మీద తింటారు. మిగతావాళ్లు పేదోళ్లు, కింద కూర్చుని బ్రెడ్డు తింటారు. ఆకలి తెలియాలంట."

"తెలిసిందా?"

"ఒకడొచ్చి వెనక తలుపు దగ్గర నన్ను బతిమాలుకుని రెండు ముక్కలు కొట్టేశాడు. వాడికి బాగా తెలిసింది."

ఆమె నవ్వింది. నవ్వుతూనే హాల్లోకి తొంగిచూసి ఆగిపోయింది. కింద కూర్చున్న పిల్లలు నేల మీద బల్ల గుడ్డలు పరుచుకున్నారు. తెల్లటి గుడ్డల మీద బూట్లు, నీళ్ల గ్లాసులు.

దగ్గరికి వెళ్లింది. అంచున కూర్చున్న ఒక అమ్మాయి పైకి చూసింది. ముఖం కంటే పెద్ద కళ్లజోడు.

"సారీ ఆంటీ, ఇవి పరుచుకోకూడదా? ఇవాళ మేం పేదవాళ్లం, మాకు కుర్చీలు లేవు."

"పేదవాళ్లకి ఇస్త్రీ గుడ్డలెక్కడివమ్మా?" అంది తెల్లక్క. పక్కనున్నవాళ్లు పకపకా నవ్వారు. కళ్లజోడు పిల్ల ముఖం ఎర్రబడింది. వెంటనే లేచి బూట్లు విప్పి, మిగతావాళ్ల చేత కూడా విప్పించింది.

"కూర్చోండి ఆంటీ, మాతో తినండి."

"నేను తినేశాను తల్లీ" అంది. తినలేదు. నేల మీది గుడ్డలు అయినకాడికి దులిపి తీసుకెళ్లి తొట్టిలో పడేసింది. మట్టి మరకలు, సబ్బుకి పోతాయి. ఫరవాలేదు అనుకుంది.

తిండి అయ్యాక పిల్లలు బస్సుల్లో ఎక్కడికో పేటలు చూడటానికి వెళ్లారు. సాయంత్రం ముగింపు సభ. ముఖ్య అతిథి వస్తుంది, యజమాని కూడా ముందు వరసలో కూర్చుంటాడని మేనేజరు చెప్పాడు. హాలు ఖాళీ అయ్యాక తెల్లక్క బల్లలు సర్దడానికి లోపలికి వెళ్లింది. వేదిక మీదికి చూసింది. బల్ల బోసిగా ఉంది. గుడ్డ లేదు.

నడవాలోకి వచ్చేసరికి గుడ్డ ట్రాలీ కమ్మి మీద ఉంది. పొడుగు అదే, చివర నుంచి చివరి దాకా నీలం రంగు చేతులు. చిన్నవీ పెద్దవీ, వేళ్లు విప్పుకుని, ఒకదాని మీద ఒకటి ఎక్కి, తెలుపు అక్కడక్కడా సందుల్లో మాత్రం మిగిలేలా. కొన్ని చోట్ల రంగు కారి జాలువారింది.

  ఆమె ఒక చేతి గుర్తు మీద వేలు పెట్టి చూసింది. తడిగా ఉంది.

తడి ఉంది కాబట్టే ఆశ. రంగు మరకను ఆరేలోపు పట్టుకోవాలి. ఆరిందంటే ఎవరి తరమూ కాదు. గుడ్డను పక్కకు కారకుండా చుట్టచుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.

కిటికీలోంచి భర్త చూశాడు. "ఏంటే అది? హత్య చేసొచ్చావా?"

"వేదిక బల్ల గుడ్డ. పిల్లలు రంగు పూసేశారు."

"పిల్లలు పూస్తే పిల్లల బాధ్యత. వెళ్లి మేనేజరుతో చెప్పు."

"చెప్తే చూపించమంటాడు. చూస్తే యజమానికి చెప్పాలి."

"పూసింది నువ్వు కాదు కదే!"

"తుప్పు కూడా నేను పట్టించలేదు." అప్పటికే ఆమె గుడ్డను నీళ్లలో ముంచేసింది. "ఉన్నది ఆ ఒక్క గుడ్డే. సాయంత్రానికి బల్ల మీద లేకపోతే ఆయన కళ్లెదురుగానే లేనట్టు."

"అడిగి ఉతకవే..."

"నీ మంచం కింద పెట్టెలో థిన్నరు ఉందా?"

 "ఉండాలి, చూడు" అన్నాడు.

చన్నీళ్లకు సగం రంగు వదిలింది. తొట్టి నీలమైపోయింది. పారబోసి మళ్లీ నింపింది. సబ్బు రుద్దితే ఇంకొంత పోయింది. ఆ పైన వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి, లేత నీలంగా, నీళ్ల అడుగున చేతులున్నట్టు. థిన్నరు గుడ్డపేలికకు అద్దుకుని ఒక్కో చెయ్యీ తుడిచింది. పెరడంతా ఆ వాసన. భర్త లోపలినుంచి దగ్గుతూ కిటికీ మూయమన్నాడు. మూసింది. థిన్నరు తర్వాత బ్లీచింగ్ పౌడరు, మామూలుగా వేసేదానికంటే ఎక్కువ వేసింది. చేతులు మండటం మొదలైంది. గ్లౌజులు ఒకప్పుడు మేనేజరు కొనిచ్చాడు, చిరిగిపోయాయి, మళ్లీ అడగలేదు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి, ఊడొచ్చేలా ఉంది. అరచేతులు ఎర్రగా పొక్కాయి. మధ్యమధ్యలో చన్నీళ్లలో ముంచి తీసి, మళ్లీ రుద్దింది. ప్రతి చెయ్యీ విడిగా పోగొట్టాల్సి వచ్చింది. ఏ పిల్లదో పాపం, చిటికెనవేలు వంకర. అది మాత్రం ఎంతకీ పోలేదు. "పోవే తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని దానితో మాట్లాడింది.

ఎండ ఇంకా ఉంది. పిండి, ఆరేసి, తడి ఉండగానే ఇస్త్రీ పెట్టింది. పెట్టె వేడి తగిలినప్పుడల్లా చేతులు చురుక్కుమన్నాయి. ఇస్త్రీ అయ్యాక గుడ్డను వెలుతురుకు పట్టుకుని చూసింది. తెల్లగా ఉంది. ఆ వంకర వేలు కూడా పోయింది.

భర్త కిటికీ తెరిపించి చూశాడు. "నువ్వు మనిషివి కాదే" అన్నాడు. అతను మెచ్చుకోవడం అలాగే ఉంటుంది. తర్వాత ఆమె చేతుల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆమె గుడ్డను వేదిక బల్ల మీద పరిచి, మడతలు లాగి, మేనేజరు అటుగా వస్తుంటే చేతులు కొంగు కింద దాచుకుంది. అతను బల్లను చూసి, "బాగుంది" అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్లలు తిరిగొచ్చారు. హాలు నిండింది. తెల్లక్క నడవా తలుపు దగ్గర నిలబడి ఉంది. కాసేపటికి వేదిక దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. కళ్లజోడు పిల్ల నడవాలోకి పరుగెత్తుకొచ్చి, ఖాళీ ట్రాలీ చూసి, "అయ్యో, ఇక్కడే ఆరేశానే!" అంది. వెనకే వాళ్ల టీచరమ్మ.

"ఏం ఆరేశావమ్మా?" అంది తెల్లక్క.

"మా ప్రతిజ్ఞ గుడ్డ ఆంటీ. పేదరికం పోయేదాకా ఊరుకోమని అందరం చేతులు వేశాం. వేదిక వెనక కట్టాలి, అది కట్టి ముఖ్య అతిథికి చూపించాలి. తెల్ల గుడ్డ, నీలం చేతులు. చూశారా?"

తెల్లక్క వేదిక బల్ల వైపు చూసింది.

"అది... వేదిక బల్ల గుడ్డ కదమ్మా."

"కాదాంటీ, అది మేం కొనుక్కొచ్చుకున్నది! మీ గుడ్డకి రంగు అంటకూడదనే ముందే తీసి, మడతపెట్టి, బల్ల కింద అరలో పెట్టాం." ఆ పిల్ల వేదిక ఎక్కి, వంగి, అరలోంచి మడత చెదరని గుడ్డ తీసి చూపించింది. తెల్లక్క మడతే అది. తర్వాత బల్ల మీద పరిచి ఉన్న గుడ్డ వైపు చూసింది. దాన్ని ఒక చివర పట్టుకుని ఎత్తి, దగ్గరగా చూసి, మెల్లగా వదిలేసింది.

"ఉతికేశారా?" అంది.

టీచరమ్మ గొంతు పెరిగింది. "ఉతకడమేంటి? ఎవరు ఉతకమన్నారు? మేనేజరు గారూ! పిల్లలు నెలల తరబడి తయారైన కార్యక్రమం ఇది. మీ పనివాళ్లకి ఆ మాత్రం తెలియదా?"

మేనేజరు వచ్చాడు. మెడ రుద్దుకోవడం కూడా మరిచిపోయి తెల్లక్కను చూశాడు. "ఏం చేశావు తెల్లక్కా?"

"ట్రాలీ మీద ఉంది సారూ" అంది. మళ్లీ అదే అంది. "ట్రాలీ మీద ఉంది."

ముందు వరసలో యజమాని ఇటే చూస్తున్నాడు.

అప్పుడు కళ్లజోడు పిల్ల అడ్డొచ్చింది. గట్టిగానే అంది. "తప్పు నాది మేడం. ఎక్కడ ఆరేయాలో ఎవరినీ అడగలేదు. ఆంటీని ఏమీ అనకండి. గుడ్డ తెల్లగానే ఉంది కదా, రంగు ఉంది, మేమూ ఉన్నాం. మళ్లీ వేద్దాం. అందరి ముందూ వేద్దాం."

పిల్లలు ఆ మాట అందుకున్నారు. ముఖ్య అతిథి, దేశదేశాలు తిరిగి పేదల మధ్య పనిచేసినావిడ, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, విషయం తెలుసుకుని నవ్వింది. "ఇదే బాగుంది. నేను కూడా వేస్తాను" అంది. గుడ్డను వేదిక మీద పరిచారు. వరసలు కట్టారు. తెల్లక్క పొద్దుగూకేలోపు ఒక్కోటీ పోగొట్టిన చేతులు ఒక్కోటీ తిరిగి వచ్చి కూర్చోవడం ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది. అందరూ నవ్వుతున్నారు. యజమాని కూడా నవ్వాడు. గండం గడిచిందనుకుంది. ఊపిరి నిండా పీల్చుకుంది.

ఇక వెనక్కి వెళ్లిపోదామని తిరిగింది. కళ్లజోడు పిల్ల వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మీరు కూడా వేయాలి. మీరే మొదట వేయాల్సింది."

"నాకెందుకమ్మా, పనుంది."

"ఒక్క నిమిషం ఆంటీ, ప్లీజ్. మీరు రాకపోతే నన్ను క్షమించలేదనుకుంటాను."

చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య వెనక్కి పోవడం ఎలాగో ఆమెకు తెలియదు. వేదిక ఎక్కింది. పిల్ల రంగు పళ్లెం పట్టుకుంది. తెల్లక్క కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి రంగులో పెట్టింది. రంగు పొక్కులకు తగలగానే బాధ మోచెయ్యి దాకా పాకింది. పెదవి కొరికి, చెయ్యి గుడ్డ మీద పెట్టి తీసింది. ముఖ్య అతిథి పక్కనే ఉంది. ఆవిడ తెల్లక్క రెండో చెయ్యి చూసింది.

"ఇదేంటమ్మా? చేతులు ఇలా ఉన్నాయేంటి?"

మైకు ఆవిడ కొంగుకే పెట్టి ఉంది. ఆ మాట హాలంతా వినబడింది.

"ఏం లేదండి. అలవాటే."

"దేనితో ఉతుకుతావు? గ్లౌజులు ఇవ్వరా నీకు?"

తెల్లక్క ముందు వరసలోకి చూసింది. యజమాని నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారాయి. ఆమె గబగబా అంది. "ఇస్తారండి. ఎన్ని కావాలంటే అన్ని ఇస్తారు. నేనే వేసుకోను. తప్పు నాదే. మా యజమాని చాలా మంచివారండి, గది కూడా ఇచ్చారు."

ముఖ్య అతిథి ఆమె చెయ్యి వదల్లేదు. చాలా జాలిగా చూసి, పిల్లల వైపు తిరిగింది. "విన్నారా? తప్పు నాదే అంటోంది. మీరు పొద్దున్నించి నేర్చుకున్నది ఇదే. పేదరికం అంటే డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. ఇలా అనాల్సి రావడం. ఈ చేతులు చూడండి."

పిల్లలు చూశారు. ఫోన్లు పైకి లేచాయి. కొందరు ఏడ్చారు. కళ్లజోడు పిల్ల బాగా ఏడ్చింది. ముఖ్య అతిథి యజమాని వైపు చూసి, కోపంగా కాదు, మర్యాదగానే అంది. "మీరు పెద్ద మనసుతో ఈ విషయం చూడాలి." ఆయన లేచి, రెండు చేతులూ జోడించి, తప్పకుండా అన్నాడు. చప్పట్లు హోరెత్తాయి.

సభ అయ్యాక టీచరమ్మ వచ్చి, ఇందాకటి మాటలు మనసులో పెట్టుకోవద్దంది. వంటాయన ఆమె నీలం చెయ్యి చూసి, "సినిమా హీరోయిన్‌వి అయిపోయావు చెల్లెమ్మా" అన్నాడు. బస్సులు వెళ్లిపోయాయి.

మేనేజరు నడవాలో ట్రాలీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఈసారి మెడ రుద్దుకుంటున్నాడు.

"ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అన్నాడు. "బడివాళ్లు నిన్ను మెచ్చుకున్నారు."

"మరి?"

"ఆయన కారెక్కుతూ ఒక్క మాటే అన్నాడు. ఆ చేతులు మళ్లీ నా హాల్లో ఎవరికీ కనబడకూడదు అన్నాడు. మిషన్ల వాళ్లని రమ్మన్నాడు."

"నేను ఆయన మంచివాడనే చెప్పాను సారూ. అందరూ విన్నారు. మైకులో చెప్పాను."

"విన్నాను."

"ఇంకోసారి చెప్పండి సారూ. గ్లౌజులు నేనే కొనుక్కుంటాను. లోపలికే రాను. గుడ్డలు తలుపు దగ్గర పెట్టేసి పోతాను, మనిషినే కనబడను. పోనీ పని తీసేయండి, గది ఒక్కటీ ఉంచమనండి. మా ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్లను?" మాట మాటకీ దగ్గరకి జరిగి, చివరికి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. తెల్ల చొక్కా మీద నీలం మరక పడింది. ఇద్దరూ దాని వైపు చూశారు. ఆమె వెంటనే చెయ్యి తీసేసింది.

"ఇప్పించండి, ఉతికిస్తాను. ఆరలేదింకా."

"వద్దులే తెల్లక్కా." అతను ఆ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నెలాఖరుదాకా గడువు అడుగుతాను. అంతకంటే నేనేం చేయలేను."

గదిలో దీపం వెలిగించి ఉంది. భర్త మెలకువగానే ఉన్నాడు, చప్పట్లు ఇక్కడిదాకా వినబడ్డాయంట.

"ఎవరికే అన్ని చప్పట్లు?"

"నాకే."

"అబ్బో. గుడ్డ అంత తెల్లగా వచ్చినందుకా?"

"ఊ."

"నేను చెప్పలా? మేనేజరేమన్నాడు?"

"బాగుందన్నాడు."

అతను తృప్తిగా తల వెనక్కి వాల్చాడు. ఆమె చేతికి కొబ్బరినూనె రాసుకుంది. కుడి అరచేతి నీలం అలాగే ఉంది, దాన్ని రుద్దే ధైర్యం లేకపోయింది. ఎడమచేత్తో గరిటె పట్టుకుని అతనికి గిన్నెలో అన్నం పెట్టిచ్చింది. అతను చెయ్యి సంగతి అడగలేదు. తిన్నాక గిన్నె బయట పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడింది.

గుమ్మం ఈ పక్క నుంచి ఆ పక్కకు చూసింది. తర్వాత జానతో కొలిచింది, చెయ్యి ఆనించకుండా, గాల్లోనే. మంచం దగ్గరికి వచ్చి, తలవైపు చెక్కను అలాగే కొలిచింది. మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"ఏం కొలుస్తున్నావే?" అన్నాడు అతను.

ఆమె గుమ్మానికి అడ్డంగా కాకుండా, ఈసారి కిందనుంచి పైకి కొలుస్తోంది, ఎత్తి పక్కకు తిప్పితే పడుతుందేమోనని.

అతను కాసేపు ఆమె చేతినే చూశాడు. కిటికీలోంచి ఖాళీ తీగలు చూశాడు. 

"రాదే అది. లోపల కూర్చుని చేశాను కదా."

"తెలుసు" అంది. మళ్లీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టింది.